పిల్లను పట్టుకున్న చేతికి ఆసరా

(గుంటూరులో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు, భోజనాల వేళ దగ్గరపడింది. అయినా ఇది గబగబా చెప్పి దిగిపోయే విషయం కాదు. కొంచెం ఓపిక పట్టండి.

ముందు కొన్ని అంకెలు చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి. 2022 జనవరిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకు ఒక లెక్క ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అప్పటిదాకా పెద్దదిక్కు కోల్పోయిన పిల్లలు దేశం మొత్తం మీద 1,47,492 మంది అని. కోవిడ్‌తో పోయినవాళ్ల పిల్లలే కాదు, ఆ రోజుల్లో ఏ కారణంతో పోయినా ఇందులో కలిపారు. దీన్ని విడదీసి చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలు 10,094 మంది. ఒకరు పోయి ఒకరు మిగిలిన పిల్లలు 1,36,910 మంది. ఇంకో 488 మందిని వదిలేసి వెళ్లిపోయారు.

అనాథ పిల్లలు అనగానే మనం ఎవరిని ఊహించుకుంటాం? తల్లీ లేదు, తండ్రీ లేడు, రోడ్డు మీద ఒంటరిగా నిలబడ్డ బిడ్డ. పేపర్లో వేసే బొమ్మ కూడా అదే. మరి ఈ అంకెలు ఏం చెబుతున్నాయి? ఇద్దరూ పోయిన బిడ్డ ఒకరుంటే, ఒకరు పోయిన బిడ్డలు పదమూడు మందికి పైగా ఉన్నారు. పోనీ ఇద్దరూ పోయిన పిల్లలైనా రోడ్డున పడ్డారా? చాలామంది పడలేదు. అమ్మమ్మ తీసుకుపోయింది. మేనమామ తీసుకుపోయాడు. పెద్దమ్మ వచ్చి, బట్టలు సర్దించి, తన వెంట బస్సెక్కించుకుపోయింది.

2021 జులైలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రపంచం మొత్తానికి ఒక అంచనా వచ్చింది. మహమ్మారి మొదలైన పద్నాలుగు నెలల్లో 15 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో తండ్రినో, ఇంట్లో తమతో ఉండే తాతనో అవ్వనో పోగొట్టుకున్నారని. తాతల్నీ అవ్వల్నీ ఎందుకు లెక్కపెట్టారు? పిల్లల్ని చూసుకునేది వాళ్లు కూడా కాబట్టి. అంతకు ముందు హెచ్ఐవి రోజుల్లో మనం చూడలేదా? ఉమ్మడి రాష్ట్రం దేశంలోనే ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ముందుండేది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవిని అదుపులో ఉంచే మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆలోపు ఎన్ని ఇళ్లల్లో నడివయసు వాళ్లు పోయి, ముసలివాళ్లూ పసివాళ్లూ మిగిలారో ఈ జిల్లాలో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఉగాండాలో, జింబాబ్వేలో కూడా ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లల్లో చాలామందిని పెంచింది అవ్వలే. ఏ మహమ్మారి తీసుకున్నా, పిల్లను ముందుగా ఎత్తుకున్నది ప్రభుత్వం కాదు, ఆశ్రమం కాదు. ఇంట్లో మిగిలిన మనిషి.

కాబట్టి ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. పిల్లను పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. మనం పిల్లను వెతుక్కుంటూ పోతున్నాం గానీ ఆ చేతిని చూడటం లేదు. ఆ చెయ్యి జారిపోకుండా చూస్తే పిల్ల తన ఇంట్లోనే పెరుగుతుంది.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా? చేసింది. కాదనను. పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ అని 2021 మే నెలాఖరులో ప్రకటించారు. పిల్లకు 23 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షలు, చదువు ఖర్చు, 5 లక్షల ఆరోగ్య బీమా. మన రాష్ట్రంలోనూ ఇద్దరూ పోయిన పిల్లల పేరు మీద 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నారు. మంచిదే. కానీ అవి ఎవరికి? ఇద్దరూ లేని పిల్లలకు. ఆ కేంద్ర పథకానికి దేశమంతటి నుంచీ 9,331 దరఖాస్తులు వస్తే 4,532 మాత్రమే ఆమోదించారని 2024లో లెక్కలు బయటికొచ్చాయి. సగానికి పైగా తిరస్కరించారు. సరే, అది పదివేల మంది సంగతి. మిగిలిన లక్షా ముప్పై ఆరు వేల మంది మాటేమిటి?

ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి మేలు అంటారు మనవాళ్లు. తల్లి ఉందిగా, ఇంకేం భయం అని దాని భావం. నిజమే, తల్లి ఉంది. కానీ ఆ తల్లి ఎలా ఉందో ఎవరైనా వెళ్లి చూశారా? ఆటో నడిపే భర్త పోయాడు. ఆటో మీద ఫైనాన్స్ బాకీ ఉంది. ఆసుపత్రికి వడ్డీకి తెచ్చిన డబ్బు ఇంకా తీరలేదు. ఆమె ఏనాడూ బ్యాంకుకు వెళ్లి ఎరగదు, ఏటీఎం పిన్ను ఆయనకే తెలుసు. అత్తగారింట్లో ఉండనిస్తారో లేదో తెలియదు. తమ్ముడి ఇంటికి వెళ్తే మరదలు ముఖం ఎలా పెడుతుందో తెలియదు. ఇలాంటి తల్లి దగ్గరున్న పిల్లను మనం ఏ జాబితాలోనూ రాయం. తల్లి ఉందిగా మరి!

ఈ తల్లులకు, ఈ అవ్వలకు ఉన్న పథకం ఒకటుంది, పెద్దగా ఎవరికీ తెలియదు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అంటారు. నెలకు 4,000 రూపాయలు, పిల్లకు 18 ఏళ్లు వచ్చేదాకా. భర్త పోయిన తల్లి దగ్గరున్న పిల్లలకు ఇస్తారు, ఇద్దరూ పోయి బంధువుల ఇంట్లో ఉన్న పిల్లలకు ఇస్తారు. పల్లెలో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్నంలో 96,000 దాటకూడదు. కోవిడ్‌తోనే పోవాలని లేదు. డెంగీతో పోయినా, కిడ్నీ జబ్బుతో పోయినా ఇస్తారు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, మనం డీసీపీయూ అంటామే, అక్కడ ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచర్లు చేతులెత్తండి. మీ సెంటరు పరిధిలో ఎంతమందికి ఇది వస్తోంది? ...చూశారా. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా. మీకు చెప్పినవాళ్లు ఎవరు?

ఇక కాగితాల సంగతి. ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో మనవడి ఆధార్, పోయిన కొడుకు ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం, మరణ ధ్రువీకరణ పత్రం, అన్నీ నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్కోటీ విప్పి బల్ల మీద పరిచాం. కొడుకు పేరు ఆధార్‌లో ఒకలా ఉంది, మరణ పత్రంలో ఇంకోలా ఉంది. పిల్లవాడి స్కూలు రికార్డులో ఇంటిపేరే లేదు. మరణ కారణం అన్నచోట గుండె ఆగిపోవడం అని రాశారు. ఎవరికైనా చివరికి గుండె ఆగకుండా ఉంటుందా? బ్యాంకుకు వెళ్తే అవ్వ వేలిముద్ర పడదు. జీవితమంతా మిరప కోతలకు వెళ్లిన చెయ్యి అది. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషను మళ్లీ పెట్టమంటుంది, అవ్వ మళ్లీ పెడుతుంది, వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది.

కోవిడ్ మరణాలకు 50,000 పరిహారం ఇవ్వాలని 2021లో తేలింది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు పోతే, ఆసుపత్రి బయట పోయినా సరే, అది కోవిడ్ మరణమేనని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మరణ పత్రంలో కారణం రాయకపోయినా దాన్నే సాకుగా చూపి ఇవ్వకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత దరఖాస్తుకు గడువు పెట్టారు. ఈ సంగతి తెలిసిన ఇళ్లు డబ్బు తీసుకున్నాయి. తెలియనివాళ్లు గడువు దాటాక తెలుసుకున్నారు. ఇలాంటప్పుడు అవ్వకు కావలసింది ఓదార్పు మాటలు కాదండీ. వెంట వచ్చే మనిషి కావాలి. సచివాలయం దాకా ఒకసారి, మీసేవ దాకా ఒకసారి, బ్యాంకు దాకా ఒకసారి. ఒక్క మనిషి.

ఆస్తి గురించి కూడా చెప్పి తీరాలి. తండ్రి పేరు మీద ముప్పావు ఎకరం ఉంటుంది, లేదా రెండు గదుల ఇల్లు ఉంటుంది, లేదా ఎల్ఐసీ డబ్బు వస్తుంది. బాబాయి అంటాడు, పిల్లల్ని నేనే చూస్తున్నాను కదా, పొలం అమ్మి వాళ్ల చదువుకే పెడతాను అని. కొంతమంది నిజంగానే పెడతారు, కాదనను. కానీ చట్టం ఏమంటుంది? 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. పిల్లను పెంచుతున్నంత మాత్రాన ఆ పిల్ల ఆస్తి అమ్మే హక్కు ఎవరికీ రాదు. కోర్టు ద్వారా సంరక్షకుడిగా నియమించుకోవాలి. ఆ తర్వాత అమ్మాలన్నా కోర్టు అనుమతి ఉండాలి. ఊళ్లో ఈ ఒక్క మాట నలుగురి చెవిన వేయండి. కొనేవాడి చెవిన కూడా వేయండి. రేపు పిల్ల పెద్దదై కేసు వేస్తే కొన్నవాడే నష్టపోతాడు. ఆ భయం చాలు, సగం అమ్మకాలు ఆగుతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. టీచర్లు కాస్త ఇటు వినండి.

పిల్లలకు మనం ఏం చెప్పాం? 2021 మేలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నాన్న అంబులెన్సు తానే నడిచి ఎక్కాడు. చెయ్యి ఊపాడు. అంతే. శవం ఇంటికి రాలేదు. స్నానం చేయించలేదు, పాడె కట్టలేదు, కొడుకు తలకొరివి పెట్టలేదు. ఎవరో పీపీఈ కిట్లు వేసుకున్న మనుషులు కార్యం కానిచ్చారు. పెద్దకర్మ రోజు భోజనాలు లేవు, బంధువులు లేరు. పెద్దవాళ్లకే నమ్మకం కుదరలేదే, ఆరేళ్ల పిల్లవాడికి ఎలా కుదురుతుంది? పైగా మనం ఏమన్నాం? నాన్న ఊరెళ్లాడు అన్నాం. దేవుడి దగ్గరికి వెళ్లాడు, నువ్వు బాగా చదివితే వస్తాడు అన్నాం. మరి ఆ పిల్లవాడు బాగా చదివాడు. నాన్న రాలేదు. ఇప్పుడు వాడు ఎవరిని నమ్మాలి?

చనిపోయాడు అని చెప్పండి. చిన్న మాటల్లో చెప్పండి. నాన్న ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, డాక్టర్లు ప్రయత్నించారు, వీలు కాలేదు, ఇంక రాడు. వాడు అదే ప్రశ్న పదిసార్లు అడుగుతాడు. పదిసార్లూ అదే జవాబు చెప్పండి, విసుక్కోకుండా చెప్పండి.

ఇంకోటి ఉంది. అది వాళ్లు అడగరు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, మాటలు పూర్తిగా తగ్గించేశాడు. చాలా రోజుల తర్వాత ఒక మాట బయటికొచ్చింది. నేను క్రికెట్ ఆడి వచ్చాను సార్, ముందు నాకు జలుబు చేసింది, తర్వాతే నాన్నకు వచ్చింది, అన్నాడు. అర్థమైందా అండీ? నాన్నను తానే చంపానని ఆ పసివాడు మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే అడిగినా అడగకపోయినా ఈ మాట చెప్పి తీరండి. నీ వల్ల రాలేదు. నీ తప్పు లేదు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మళ్లీ మళ్లీ చెప్పండి.

ఒక పాప, ఏడో తరగతి, మామయ్య ఇంట్లో ఉంటోంది. అమ్మ ఫోనుకు రీఛార్జి చేయించమని మామయ్యను బతిమాలుతూ ఉంటుంది. ఎందుకమ్మా అని అడిగాను. చేయించకపోతే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారంట కదండీ, అంది. అమ్మ ఆసుపత్రి నుంచి పంపిన వాయిస్ మెసేజీలు ఆ ఫోన్లో ఉన్నాయి. పెరుగు ఫ్రిజ్‌లో పెట్టాను, తిని పడుకో, అంటోంది అమ్మ, ఆయాసపడుతూ. పాప రాత్రిళ్లు అది వింటుంది. మామయ్యకు కోపం, ఎన్నాళ్లు ఏడుస్తావే అని. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ పోయింది సొంత అక్క, అది వినలేకపోతున్నాడు. నేను ఆయనతో ఒకటే అన్నాను. అయ్యా, ఆ రీఛార్జి ఆపకండి, ఆ పిల్ల వింటుంటే విననివ్వండి, వీలైతే పక్కన కూర్చుని మీరూ వినండి అని. మెసేజీలు ఇంకో ఫోన్లోకి కాపీ చేసి పెట్టాం. ఏడుపు ఆపించడం మన పని కాదండీ. ఒంటరిగా ఏడవకుండా చూడటం మన పని.

బడిలో చేయగలిగినవి చిన్నవే. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ఏదీ అని అందరి ముందూ అడగకండి. పేరెంట్స్ మీటింగుకు అవ్వ వస్తే ఆమెకూ కుర్చీ వేయండి. తండ్రి లేని పిల్ల, పాపం, అని క్లాసులో అనకండి. ఇంకొకటి, ఫోటోలు. దాత వస్తాడు, బియ్యం బస్తా ఇస్తాడు, పక్కన పిల్లను నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల పేరు, ఫోటో, చిరునామా, బడి పేరు, ఏదీ బయట పెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. సాయం చేసే మనసున్నవాడు ఫోటో లేకుండా కూడా చేస్తాడు.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. సెకండ్ వేవ్‌లో మెసేజీలు తిరిగాయి కదా, ఇద్దరు పసిపిల్లలు, తల్లిదండ్రులు పోయారు, ఎవరైనా పెంచుకోండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. మంచి మనసుతోనే ఫార్వర్డ్ చేశారు చాలామంది. దయచేసి చేయకండి. పిల్లల్ని అలా ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు. దత్తత తీసుకోవాలంటే దానికి కారా అనే సంస్థ ఉంది, పద్ధతి ఉంది. దీని గురించి ఇంతకంటే చెప్పను, మధ్యాహ్నం లాయరు గారు చెబుతారు.

హాస్టల్లో వేసేద్దాం అనే మాట నేను రోజూ వింటాను. గురుకులం, కస్తూర్బా విద్యాలయం, వీటికి నేను వ్యతిరేకం కాదు. ఆడపిల్లల చదువు నిలిపినవి అవి. కానీ నాదొక ప్రశ్న. సంక్రాంతి సెలవులకు ఆ పిల్ల ఎవరింటికి వెళ్తుంది? ఆ ప్రశ్నకు జవాబుంటే హాస్టల్ మంచి చోటు. జవాబు లేకపోతే ఎంత మంచి హాస్టలైనా ఆ పది రోజులు పిల్ల గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. సంరక్షణ గృహాలు చిట్టచివరి మార్గం కావాలని చట్టమే చెబుతోంది. రుమేనియాలో బుకారెస్టు నగరంలో, అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లిన పిల్లల ఎదుగుదల, తెలివితేటలు మెరుగుపడ్డాయి. అదీ ఎంత చిన్న వయసులో వెళ్తే అంత బాగా. ఒక మనిషి, తనదైన మనిషి, పిల్లకు కావాలి.

ఇంకో ఆపద, అన్నాచెల్లెళ్లను విడదీయడం. పిల్లవాడు పెదనాన్న దగ్గరికి, పిల్ల అమ్మమ్మ దగ్గరికి. అందరూ తలా ఒకరిని పంచుకున్నాం అనుకుంటారు. ఆ పిల్లలకు మిగిలిందే ఒకరికొకరు కదా? తప్పదు, ఒకే ఇల్లు ఇద్దరిని మోయలేదు అంటే, వారం వారం ఫోను, పండక్కి కలవడం, ఇవి రాసుకుని మరీ ఒప్పుకోండి. ఆడపిల్ల అయితే ఇంకొంచెం కన్నేసి ఉంచండి. పదో తరగతి అవగానే పెళ్లి చేసేస్తే బాధ్యత తీరిపోతుంది అనే మాట ఆ ఇంట్లో వస్తుంది. రాకముందే మీరు ఆ ఇంటికి వెళ్లి రండి.

కొన్ని ఇళ్లల్లో పెద్దవాళ్లే ఉండరు. అక్కే అమ్మ. హెచ్ఐవి కుటుంబాల కోసం 2017లో వచ్చిన చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. పన్నెండేళ్లు నిండి, ఇల్లు తానే నెట్టుకొస్తున్న అక్కో అన్నో, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ గార్డియన్‌గా సంతకం పెట్టవచ్చు. బడిలో చేర్చడానికి, వైద్యానికి, బ్యాంకు ఖాతాకు. 32వ సెక్షన్. ఎవరు రాశారో గానీ, ఇల్లు తెలిసినవాళ్లే రాసి ఉంటారు. మరి ఇది హెచ్ఐవి ఇళ్లకే ఎందుకు? కోవిడ్‌తో పోయినా, పడవ మునిగి పోయినా, ఆ అక్క మోసేది అదే బరువు కదా? ఇది మనం అడగాలి, గట్టిగా అడగాలి.

చివరిగా పద్దెనిమిదేళ్ల మాట. 2021లో పద్నాలుగేళ్లున్న పిల్లలకు ఇప్పుడు పద్దెనిమిది నిండిపోయాయి. స్పాన్సర్‌షిప్ ఆ రోజుతో ఆగిపోతుంది. సంరక్షణ గృహంలో పెరిగిన పిల్లలకైతే బయటికి వచ్చాక కూడా, 21 ఏళ్ల దాకా, అవసరమైతే 23 దాకా ఆఫ్టర్ కేర్ ఇవ్వాలని చట్టంలో, దాని నియమాల్లో ఉంది. అవ్వ దగ్గర పెరిగిన పిల్లకు ఆ మాట వర్తించదు. ఎందుకంటే ఆ పిల్ల ఏ సంస్థలోనూ లేదు కదా, ఇంట్లో ఉంది! అవ్వకు అప్పుడు అరవై అయిదు, ఇప్పుడు డెబ్బై. పిల్ల ఇంటరు అయిపోయింది, డిగ్రీలో చేరాలి. ఇంట్లో పెంచినందుకు ఆ అవ్వకు మనం వేస్తున్న శిక్ష ఇది. దీని మీద జిల్లా కలెక్టరుకు అర్జీ ఇద్దామని అనుకుంటున్నాం. అర్జీ అంటే ఊరికే మాటలు కాదు, పేర్లుండాలి. పిల్ల వయసు, ఎవరి దగ్గర ఉంది, ఏం చదువుతోంది, స్పాన్సర్‌షిప్ వచ్చిందా లేదా, ఎప్పుడు ఆగింది. ఆ పేర్లు కలెక్టరు గారి ఫైలు దాటి బయటికి పోకూడదు, ఇందాక చెప్పాను. మీ ఊరి వివరాలు మీకే తెలుసు, నాకు తెలియవు. ఫారాలు తెచ్చాను. భోజనం చేసి రండి, రెండింటికి వెనక గదిలో కూర్చుని మొదలుపెడదాం.